నాన్న ఇప్పుడే జవాబిచ్చారు

ఉదయం ఎనిమిదిన్నరకు భోజనాల బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచి, కాఫీ గ్లాసు పక్కకు జరిపిన కూతురికి తెరమీద ఒక వాక్యం కనిపించింది. ‘నాన్న ఇప్పుడే జవాబిచ్చారు.’

నాన్న పోయి పద్నాలుగు నెలలైంది.

ఆమె ఎనిమిది నెలలుగా ఒక లిఫ్టుల కంపెనీలో, కొత్తవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకునే విభాగంలో పనిచేస్తోంది. అక్కడ ఈమధ్య పెట్టిన ఏఐ, ఉద్యోగుల ఫోన్లలోని నంబర్లు చూసి, దరఖాస్తు పెట్టినవాళ్ళు ఆ నంబర్లవాళ్ళలో ఎవరికి తెలుసో పట్టుకుంటుంది. ‘ఇతని గురించి రెండు మాటలు చెబుతారా’ అని వాళ్ళకే మెసేజీ పంపుతుంది. అందరితోపాటు ఆమె కూడా తన నంబర్లు చూడనిచ్చింది. వాటిలో ‘నాన్న’ ఇంకా ఉన్నారని అప్పుడు తట్టలేదు. తట్టినా చెరిపేసేది కాదేమో.

ఆయన ముప్పై ఏళ్ళు లిఫ్టు మెకానిక్కులకు సూపర్‌వైజరు. ఊళ్ళో సగంమంది ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళే. ఏఐకి అంతకంటే మంచి పరిచయం ఎక్కడ దొరుకుతుంది?

ఇన్నాళ్ళూ పైఅధికారి ఒక్కడే చూసే ఆ జవాబులు ఈ రోజే ఆమెకూ తెరిచారు. ఒకటి కాదు, నాలుగు నెలల్లో ఏడు. ‘ఈ కుర్రాడికి నోరెక్కువ, చెయ్యి మంచిది.’ ‘ఇతనికి ఎత్తంటే భయం. సిగ్గుపడి చెప్పడు, మీరే అడగండి.’ అచ్చం నాన్న మాటే. వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టయి తిరిగి చూసింది. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

ఏడోది, ఇక్కడికే దరఖాస్తు పెట్టుకున్న తమ్ముడి గురించి.

‘వాడు నా కొడుకు. నా కింద ఉన్నప్పుడు ఒకసారి బ్రేకు విప్పి చూడకుండానే చూశానని సంతకం పెట్టాడు. లిఫ్టు జారి ఒక పెద్దావిడ కాలు విరిగింది. పైవాళ్ళకు చెప్పి వాణ్ణి పనిలోంచి తీయించింది నేనే. ఆ తరవాత వాడి పనిలో వంక లేదు. ఆ మాట వాడికి చెప్పలేదు.’

కింద పైఅధికారి రాశాడు: ‘పదకొండింటికి మీ నాన్నగారికి ఫోన్ చేస్తాను. ఆయన ఇదే మాట చెబితే మీ తమ్ముణ్ణి తీసుకుందాం.’

ఆమె ఆ నంబరుకు ‘మీరెవరు?’ అని కొట్టి పంపింది.

లోపలి గదిలో, బీరువాలోంచి, నాన్న ఫోను మోగింది.

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ అటు నడిచిన అమ్మ, కూతురి మొహం చూసి ఆగిపోయింది.

“ఎన్నాళ్ళనుంచమ్మా?”

“ఎవరో మర్యాదగా అడిగారే. మీ నాన్న అయితే జవాబివ్వకుండా ఉంటారా?”

“నాన్న లేరు.”

“అది నాకు నువ్వు చెప్పాలా?”

కూతురు తెరను అమ్మవైపు తిప్పింది. “వీళ్ళంతా నీకెలా తెలుసు?”

“ముప్పై ఏళ్ళు అన్నం తింటూ ఆయన చెప్పినవి వీళ్ళ సంగతులేగా. నా చెల్లెలి పిల్లలకంటే వీళ్ళే నాకు బాగా తెలుసు.”

పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరబోతున్న తమ్ముడు అప్పటికే అక్క వెనక నిలబడి చదువుతున్నాడు. నాలుగేళ్ళుగా ఒక చిన్న లిఫ్టుల కాంట్రాక్టరు దగ్గర రోజుకూలి వాడిది. రెండుసార్లు చదివాడు.

“అమ్మా, ఆ వంక లేదన్న మాట. నాన్న నిజంగా అన్నారా?”

అమ్మ చేతిలోని తుడుపుగుడ్డను మడత పెట్టింది. “అనలేదు.”

“మరెందుకు రాశావు?”

“అనాల్సింది గనక.”

వాడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. “ఒకే బల్ల దగ్గర కూచుని ఉప్పు ఇటివ్వమని కూడా అడగలేదు నన్ను. పోయాక ఆయన నోట్లో మాట పెడితే గాని నేను పనికిరానా? వద్దక్కా, అబద్ధమని చెప్పెయ్యి. చూడనిదానికి మళ్ళీ నాచేత సంతకం పెట్టించొద్దు.”

పదకొండు దాకా ఆ ఇంట్లో ఎవరూ ఒకచోట కూచోలేదు. వాడు బూట్లు వేసుకుని కూడా గుమ్మం దాటలేదు. సరిగ్గా సమయానికి నాన్న ఫోను మోగింది. కూతురు స్పీకరు నొక్కింది.

“సర్, మా నాన్న పద్నాలుగు నెలల కిందటే పోయారు. నంబరు తీసెయ్యనిది నేను. రాసింది మా అమ్మ.”

అమ్మ చెయ్యి చాచి ఫోను అందుకుంది.

“బాబూ, ఆయన పేరుతో రాయడం తప్పే. ఆయన అన్నది కాదు, నేను చూసింది చెబుతాను. మా ఆయన ఏ లిఫ్టు ఎక్కబోయినా ముందు తలుపు పక్కన తగిలించిన చీటీ చదివేవారు. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని. నచ్చకపోతే మెట్లే. బంధువుల ఇంటికి వెళ్ళినా నన్ను ఆరంతస్తులు నడిపించిన మనిషి. ఆఖరి నెలలో ఆసుపత్రికి తిరిగాం. ఆ గుండెతో మెట్లెక్కకూడదు. అయినా చీటీ చదివారు. దానిమీద మావాడి సంతకం ఉంది. ఇక మెట్లవైపు తిరుగుతారని ఊపిరి బిగబట్టాను. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు. చదివి, లోపలికి వచ్చి నిలబడ్డారు. ఒక్క మాట లేదు. పోయేదాకా అందులోనే ఎక్కారు, దిగారు.”

గుమ్మం దగ్గర వాడు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. సంచిలో పనిముట్లు గలగలమన్నాయి. “నాకెందుకు చెప్పలేదమ్మా?”

“ఆయనే చెబుతారని చూశాన్రా.”

ఫోనులో గొంతు తగ్గి వినిపించింది. “ఇదే మీ పేరుతో రాసి పంపండమ్మా. దాన్ని బట్టే చూస్తాను.”

అమ్మ తన ఫోనులో రాసింది. ‘ఇతని పని మీకెలా తెలుసు?’ అన్న ప్రశ్న దగ్గర ఆలోచించి, ‘అతను చూసిన లిఫ్టు నా భర్త ఎక్కారు, నేనూ ఎక్కాను’ అని పెట్టింది.

కూతురు తెరమీద నాన్న పేరు ఎదురుగా ‘మరణించారు’ అని గుర్తు పెట్టింది. వెంటనే అమ్మ ఒళ్ళో పాత ఫోను ఒకసారి మోగింది. ‘ఇకపై మిమ్మల్ని ఇబ్బంది పెట్టం. ఇన్నాళ్ళూ మీ మాట చెప్పినందుకు కృతజ్ఞతలు.’

అమ్మ చదివి, దాన్ని కొడుక్కి అందించింది. వాడు చొక్కా అంచుతో దాని అద్దం తుడిచాడు. అందులో నాలుగు నెలల మాటలున్నాయి. ఒక్కటీ నాన్నది కాదు.

“బ్యాటరీ అయిపోవచ్చిందమ్మా” అని, లేచి ఛార్జింగుకు పెట్టాడు.