పలికేదాకా పిలిచే షెడ్డు

మామిడికుదురు దాటి సముద్రం వైపు మట్టిరోడ్డు పట్టుకు పోతే మురుక్కాలవ పక్కన చిట్టెమ్మగారి రొయ్యల చెరువు, దాని గట్టున ఒక రేకుల షెడ్డు కనిపిస్తాయి. పగలు చూస్తే అందులో భయపడాల్సింది కరెంటు వైరింగు ఒక్కటే. పొద్దుగుంకాక మాత్రం ఆ దారిన ఎవరూ బండి ఆపరు. టైరు పంక్చరైనా సరే, అలాగే ఈడ్చుకుంటూ పోతారు.

ఎందుకంటే... ఆ షెడ్డు పిలుస్తుంది.

"ఏవండీ... ఊపిరాడ్డం లేదండీ... ఓసారి పలకండీ..."

ఆ గొంతు కొండబాబుది. ఆ చెరువుకి కాపలా మనిషి. కిందటి వానాకాలం ఓ రాత్రి ఏరియేటర్లు వేద్దామని గట్టు మీద పరుగెత్తి, జారి చెరువులో పడి చనిపోయాడు. ఏరియేటర్లంటే నీళ్లని చిలికి రొయ్యలకి ఊపిరందించే చక్రాలు. మర్నాడు మనిషి దొరికాడు. చేతిలో ఉండాల్సిన ఫోను మాత్రం దొరకలేదు.

పోయినవాడు పిలిస్తే ఎవరు పలుకుతారు చెప్పండి? చీకట్లో గొంతు పిలిస్తే పలక్కూడదని ఆ వైపు పిల్లలకి ఉగ్గుపాలతో నేర్పుతారు. అందుకని విన్నవాళ్లంతా నోరు గట్టిగా మూసుకుని కాళ్లకి పనిచెప్పారు. వీళ్లు పలకని కొద్దీ షెడ్డు పిలుస్తూనే ఉండేది. పిలిచి, పిలిచి... ఎప్పటికో చెరువులో ఏరియేటర్లు వాటంతటవే గిర్రున తిరిగేవి. అప్పుడు గొంతు ఆగేది.

కొత్తగా కుదిరిన కాపలా మనిషి లోవరాజు షెడ్డు మీది యాంటెన్నాకి నిమ్మకాయలు కట్టి చూశాడు. సిగ్నల్ బాగుపడింది గానీ పిలుపు ఆగలేదు. చాపా దుప్పటీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంకో వారంలో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు. ఒక్క రాత్రి నీళ్లలో ఊపిరి తగ్గితే చాలు, తెల్లారేసరికి చెరువంతా చచ్చిన రొయ్యే. చిట్టెమ్మగారికి ఉన్నదంతా ఆ నీళ్లలోనే ఉంది. ఆవిడ 'చెరువుగంట' అనే యాప్ కంపెనీకి ఫోన్ చేసింది. చెరువులో ఊపిరి కొలిచే యంత్రమూ, షెడ్డులో స్పీకరూ పెట్టింది వాళ్లే.

ఫోనెత్తిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. "మీ ఫిర్యాదుకి సారీ అండీ. 'దెయ్యం' అనే ఆప్షన్ మా దగ్గర లేదండీ. 'ఇతరములు' కింద రాసుకుంటాను" అంది.

ఆ ఇతరములు చూడ్డానికి అమలాపురం ఆఫీసు నుంచి విజయకుమార్ వచ్చాడు. రావడం ఇష్టమయ్యి కాదు. ఏసీ గదిలో సంగతి విన్నప్పుడు పడీపడీ నవ్వి, "ఇక్కణ్ణించే మార్చేస్తానండీ, రెండు నిమిషాల పని" అన్నాడు. చిట్టెమ్మగారు ఒప్పుకోలేదు.

"అలాక్కాదు బాబూ. చీకటి పడ్డాక షెడ్డులో కూచుని మార్చాలి. గొంతు ఆగిందని చెబితేనే లోవరాజు తిరిగొస్తానన్నాడు. కాపలా లేకపోతే నా పంట దక్కదు."

అలా... ఆ సాయంత్రం మేత బస్తాల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూచున్నాడు విజయకుమార్. వెలుగున్నంతసేపూ మూఢనమ్మకాల మీద బాగానే మాట్లాడాడు. చీకటి పడుతున్న కొద్దీ ఉపన్యాసం సన్నబడింది.

ఉన్నట్టుండి నెత్తిమీద—

"ఏవండీ... ఊపిరాడ్డం లేదండీ..."

విజయకుమార్ చేతిలో టీ గ్లాసు బస్తాల మీద పడింది. తమాయించుకుని, "రికార్డింగండీ..." అన్నాడు.

నిజంగానే రికార్డింగు. రైతు మనసుకి దగ్గరైన గొంతు కావాలని కంపెనీ వాళ్లు ఆ మధ్య కొండబాబు చేత ఆ మాటలు చెప్పించుకున్నారు. ప్రతిఫలంగా కంపెనీ పేరున్న టోపీ ఇచ్చారు. అది ఇంకా షెడ్డులో మేకుకి వేలాడుతూనే ఉంది.

"ఊపిరాడనిది కొండబాబుకి కాదండీ, రొయ్యలకి. వాటి తరఫున చెప్పాడంతే. చెరువులో ఊపిరి తగ్గగానే యాప్ ఒక అడ్రసుకి కబురు పంపుతుంది. దాన్ని వెబ్‌హుక్ అంటారండీ."

చిట్టెమ్మగారు గుమ్మంలోంచి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "హుక్కా? మెల్లిగా బాబూ! మాకు మీటరుంది. మేం తీగలకి హుక్కులెయ్యం."

"ఆ హుక్కు కాదండీ! ఫలానా వాళ్లకి కబురు పంపమని రాసిపెట్టుకునే చోటు. ఇందులో ఇప్పటికీ కొండబాబు నంబరే ఉంది. కబురు అందినవాడు అందిందని జవాబివ్వాలి. ఇవ్వకపోతే షెడ్డు స్పీకర్లోంచి పిలుస్తూనే ఉంటుంది."

"అంటే... ఆయ్ అనాలన్నమాట."

"ఆయ్."

"మేమేమో పలక్కూడదని పారిపోతన్నాం. అదేమో పలికేదాకా పిలుస్తంది." ఆవిడ టోపీ వైపు చూసింది. "కొండబాబుకీ ఆ ఒక్కమాటే వచ్చు బాబూ. మేతేసేవా అంటే ఆయ్. తిన్నావా అంటే ఆయ్. నిజంగా తిన్నాడో లేదో నాకెప్పుడూ తెలిసేది కాదు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే బయట ఏరియేటర్లు తిరిగాయి. స్పీకరు నోరు మూసుకుంది.

"చూశారా, ఆటో మోడు! దెయ్యమూ లేదు, భూతమూ లేదు" అన్నాడు విజయకుమార్, చెమట తుడుచుకుంటూ. లాప్‌టాప్‌లో ఏపీఐ టూల్ తెరిచాడు. యాప్ జోలికి పోకుండా దాని సెట్టింగులకి నేరుగా ఉత్తరువు పంపే పనిముట్టు అది. కొండబాబు నంబరు తీసేసి చిట్టెమ్మగారి నంబరు పెట్టి మీట నొక్కాడు. తెర మీద '200 ఓకే' అని పడింది.

"అదేంటి బాబూ?"

"ఆయ్ అందండీ."

ఊపిరి పీల్చుకున్నాడు. కానీ చిట్టెమ్మగారికింకా ఒక సందేహం. "ఏరియేటర్లు వాటంతటవే తిరగడం... అది ఆగిపోదు గదా? ఇన్నాళ్లూ నా పంట నిలబెట్టింది అదే."

"ఆగదండీ. ఇదిగో మీరే చూడండి" అని ఆవిడ ఖాతా తెరిచి తెర అటు తిప్పాడు. తిప్పుతూ తనూ చదివాడు.

ఆటో మోడ్: మీ ప్యాకేజీలో లేదు.

బయట చక్రాలు నెమ్మదించి... ఆగిపోయాయి.

"మాది బేసిక్కే కదా బాబూ" అంది చిట్టెమ్మగారు, చాలా మెల్లిగా. "మరి ఇన్నాళ్లూ వేసిందెవరు?"

కాసేపటికి ఆవిడ చేతిలో ఫోను మోగింది. "ఏవండీ... ఊపిరాడ్డం లేదండీ..." ఆవిడ ఫోనెత్తి "ఆయ్" అంది. ఫోను ఊరుకుంది. ఏరియేటర్లు మాత్రం కదల్లేదు. చీకట్లో నీళ్ల మీద చిటపటమని చప్పుడు. ఊపిరి చాలక రొయ్య పైకి ఎగురుతోంది.

స్విచ్చి బోర్డు గట్టుకి ఆ చివర. కొండబాబు జారింది అక్కడే.

"వెళ్లు బాబూ! ఈ మోకాళ్లతో నేను చేరేసరికి పంట పోద్ది!"

విజయకుమార్ లేవబోయాడు. మూఢనమ్మకాల మీద అంత మాట్లాడిన మనిషి గుమ్మం కూడా దాటలేకపోయాడు.

చిట్టెమ్మగారు అతని మొహం చూసింది. చీకటిని చూసింది. "పాత నంబరు పెట్టెయ్" అంది.

"అది పోయినాయన నంబరండీ!"

"ఆయ్. పెట్టెయ్."

మర్నాడు అతను ఆఫీసుకి పంపిన రిపోర్టులో ఇలా ఉంది: 'వెబ్‌హుక్ యథాస్థితికి మార్చడమైనది. సమస్య లేదు. కారణం: ఇతరములు.' లోవరాజు తిరిగి రాలేదు, ఆవిడా ఇంకో కాపలా మనిషిని వెతకలేదు. పట్టుబడి దివ్యంగా జరిగింది. ఆ రిపోర్టులో అతను రాయనిది ఒకటుంది. అదే ఊరంతా చెప్పుకుంటారు.

అతను పాత నంబరు పెట్టి మీట నొక్కాడట. తెర మీద '200 ఓకే' పడింది. గట్టు మీద తడికాళ్లతో ఎవరో పరుగెత్తిన చప్పుడు... ఆ చివర స్విచ్చి టక్కుమంది... ఏరియేటర్లు గిర్రున తిరిగాయి.

విజయకుమార్ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. చిట్టెమ్మగారు గుమ్మం దాకా వెళ్లి, ఎప్పుడూ అడిగినట్టే చీకట్లోకి అడిగింది.

"తిన్నావా కొండబాబూ?"

నీళ్ల మీంచి, మర్యాదగా—

"ఆయ్."