గది ఉందా అని అడిగే గొంతు

ఢిల్లీ అంచున వైశాలి మెట్రో దిగి, కూరగాయల బళ్లు దాటి నాలుగో సందులోకి తిరిగితే చివరన ఒక మూడంతస్తుల ఇల్లు ఉంటుంది. పగలు చూస్తే అందులో విశేషమేమీ కనబడదు. వెలిసిన పసుపు గోడలు, ఇనుప గేటు, గేటు బయట రెండు మెట్లు. కానీ చీకటి పడ్డాక ఈ-రిక్షావాళ్లు ఆ సందులోకి రారు. మొదట్లోనే దించేస్తారు. ఎందుకని అడిగితే డబ్బులు తీసుకుని బండి వెనక్కి తిప్పుకుంటారు తప్ప జవాబు చెప్పరు.

ఆ ఇంట్లో అద్దెకు దిగినవాళ్లెవరూ ఒక చలికాలం నిండా కాపురం చెయ్యలేదు. రాత్రిపూట గేటు దగ్గరికి ఎవరో ఆడమనిషి వస్తుందట. గది కావాలని అడుగుతుందట.

"కమ్రా హై?"

అంతే... ఆ ఒక్క మాటకే ఇళ్లు ఖాళీ చేసి పోయారు జనం.

ఇదంతా తెలియక ఆ ఇల్లు తీసుకున్నవాడు హేమసుందర్.

అతనికి తెలియకపోవడంలో వింత లేదు. అతనిది ఈ దేశమే కాదు. తాతల కాలంలో కొబ్బరితోటల్లో పనికని ఓడెక్కి మలేషియా పోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు నిలబెట్టుకున్నారు గానీ హిందీ అతనికి ఒక్క ముక్క రాదు. అక్కడ ఒక హోటల్లో పద్దెనిమిదేళ్లు రిసెప్షన్‌లో నిలబడ్డాడు. కరోనా దెబ్బకి ఆ హోటల్ మూతపడింది. భార్య ఉషశ్రీ ఢిల్లీ కంటోన్మెంట్‌లో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ల నాన్న సదాశివరావుగారు సుబేదారుగా రిటైరై ధౌలా కువాన్ దగ్గర ఉంటున్నారు. ఈ కథ ఆయన నోట విన్నదే.

"మీకు బాగా వచ్చిన పని వచ్చినవాళ్లకి చోటు చూపించడమే కదండీ," అంది ఉషశ్రీ. "ఢిల్లీలో చిన్న గెస్ట్‌హౌస్ పెడదాం. ఆస్పత్రులకొచ్చే జనం తల దాచుకునే చోటు లేక ఎంత అవస్థ పడతారో నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నా."

ఉన్నదంతా ఊడ్చి తెచ్చి అందులో పెట్టారు. ఆరు గదులు. సరోజినీ నగర్ బజారుకెళ్లి కర్టెన్లు, దుప్పట్లు ఏరుకొచ్చారు. హిందీలో, ఇంగ్లీషులో, తెలుగులో బోర్డు రాయించారు. దసరా వెళ్లిన వారానికి పాలు పొంగించారు.

నవంబరు పోయింది. డిసెంబరు పోయింది. ఒక్కరూ రాలేదు.

వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు — కానీ సందు మొదట్లో టీ బడ్డీ దగ్గర ఎవరితోనో మాట్లాడి, ఈ ఇంటి వైపు ఓసారి చూసి, అటునుంచి అటే వెళ్లిపోయేవారు. హేమసుందర్ మేడమీంచి చూస్తుండేవాడు. భాష రాని ఊళ్లో మనిషికి అదో నరకం. మన గురించే ఏదో అంటున్నారని తెలుస్తుంది. ఏమంటున్నారో తెలియదు.

ఆఖరికి ఎదురింటి చాందినీ ఆంటీయే ఒకరోజు గిన్నెలో గాజర్ హల్వా పట్టుకుని వచ్చింది. గేటు లోపలికి రాలేదు. బయటే నిలబడి ఉషశ్రీ చెవిలో గుసగుసగా ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఉషశ్రీ లోపలికొచ్చి హల్వా బల్లమీద పెట్టి, కుర్చీలో కూలబడింది.

"ఏమందే?"

"కరోనా రెండోసారి వచ్చినప్పుడట... ఏప్రిల్లో. ఒకావిడ జబ్బుపడ్డ మొగుణ్ని నడిపించుకుంటూ ఈ సందులోకి వచ్చిందట. ఆస్పత్రిలో మంచం లేదన్నారట. తెల్లారేదాకా ఉండటానికి గది ఇమ్మని ఇల్లిల్లూ తట్టిందట. ఎవరూ తియ్యలేదు. అందరికీ భయమే కదండీ అప్పుడు... చివరికి మన గేటు దగ్గరికొచ్చి ఆ మెట్లమీద కూర్చోబెట్టిందట."

"తర్వాత?"

"తెల్లారేసరికి ఆయన లేడు. నాలుగోరోజున ఆవిడ కూడా పోయిందని ఆస్పత్రివాళ్లు చెప్పారట."

హేమసుందర్ కిటికీలోంచి ఆ మెట్లవైపు చూశాడు.

"అప్పట్నుంచీ వచ్చి అడుగుతుందట. లేదు అన్నవాళ్ల ఇంట్లో ఎవరో ఒకరు మంచాన పడుతున్నారట. అందుకని పలకొద్దంది ఆంటీ. ఏమడిగినా సరే... నోరు మెదపొద్దంది."

"ఉంది అంటే?"

ఉషశ్రీ అతని వైపు చూసింది.

"ఉందని ఇంతవరకూ ఎవరూ అనలేదట."

జనవరి రెండో వారంలో సదాశివరావుగారికి జ్వరమొచ్చిందని ఫోనొస్తే ఉషశ్రీ ధౌలా కువాన్ వెళ్లింది. ఆ రాత్రికి అక్కడే ఉండిపోయింది. హేమసుందర్ ఒక్కడే ఇంట్లో.

ఆ రోజు మంచు సాయంత్రం నుంచే దిగింది. ఎనిమిదయ్యేసరికి ఎదురిల్లు లేదు. తొమ్మిదికి గేటు కూడా లేదు. కిటికీ అవతల తెల్లగా గోడ కట్టినట్టు ఉంది, అంతే. రాత్రి గస్తీ తిరిగే చౌకీదారు విజిల్ సందు మొదటిదాకా వచ్చింది... అక్కడే కాసేపు ఆగింది... వెనక్కి పోయింది.

హేమసుందర్ రజాయి కప్పుకుని ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఖాళీ రిజిస్టరు ముందేసుకుని పేజీలు తిప్పుతున్నాడు.

టక్... టక్... టక్...

గేటు గొళ్లెం.

చెయ్యి పేజీమీదే ఉండిపోయింది.

మళ్లీ — టక్... టక్... టక్...

"భయ్యా..."

ఆడగొంతు. గట్టిగా పిలవలేదు. నిద్రపోయేవాళ్లని లేపడానికి మొహమాటపడే మనిషిలా పిలిచింది.

"భయ్యా... కమ్రా హై?"

హేమసుందర్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఊపిరి చప్పుడు కూడా బయటికి వినబడుతుందేమోనని నోరు మూసుకున్నాడు.

"బస్ ఏక్ రాత్... ఇన్‌సే ఖడా నహీ హువా జాతా..."

ఆ మాటలకి అర్థం అతనికి తెలియలేదు. కానీ ఆ గొంతు తెలుసు. పద్దెనిమిదేళ్లలో ఎన్ని వందలసార్లు విన్నాడో. అర్ధరాత్రి విమానం దిగి, పిల్లల్ని భుజాన వేసుకుని, ఇంకెక్కడికీ పోలేక కౌంటరు ముందు నిలబడేవాళ్ల గొంతు అది. అలాంటివాళ్లకి జవాబు చెప్పకుండా అతను ఒక్కనాడూ ఊరుకోలేదు.

లేవబోయాడు. ఆంటీ చెప్పిన మాట గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

కాసేపటికి బయట ఎవరినో జాగ్రత్తగా కూర్చోబెడుతున్న అలికిడి. చీర రాపిడి. తర్వాత — ఊపిరి. మగమనిషి ఊపిరి. పిల్లికూతలు పెడుతూ, ఆగి ఆగి, మళ్లీ లాగి...

రాత్రంతా వినబడిందది.

తెల్లవారుజామున, ఇంకా వెలుగు రాకముందు, ఆగిపోయింది.

బాగా పొద్దెక్కాక గాని హేమసుందర్ గేటు తియ్యలేదు. మనుషులెవరూ లేరు. మంచుకి సందంతా తడిసి ఉంది. గేటు తడి, గోడ తడి, మెట్లు తడి. మెట్లమీద మాత్రం పక్కపక్కన రెండుచోట్ల, పీట వేసినంత మేర... పొడిగా ఉంది.

తొమ్మిదిన్నరకి ఉషశ్రీ వచ్చేసరికి అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. విన్నదంతా చెప్పాడు. ఆ మాటలు ఎలా వినబడ్డాయో అలాగే, చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు పలికాడు.

"బస్ ఏక్ రాత్... ఇన్‌సే ఖడా నహీ హువా జాతా."

ఉషశ్రీ మొహం పాలిపోయింది.

"అంటే ఏంటే?"

"ఒక్క రాత్రి చాలు... ఈయన నిలబడలేకపోతున్నారు అని." మెట్లవైపు చూసింది. వంగి ఆ పొడిచోటు చేత్తో తడిమింది. ఒక్కసారిగా లేచింది. "దెయ్యం కూర్చుంటే మెట్లు పొడిగా ఎందుకుంటాయండీ? మనుషులు! ఎవరో బతికున్న మనుషులు! రాత్రంతా చలిలో కూర్చోబెట్టేశారు మీరు!"

హేమసుందర్ కూడా వంగి ఆ పొడిచోటు తడిమి చూశాడు.

"పదండి. ఎక్కువ దూరం పోయుండరు."

టీ బడ్డీ దగ్గర అడిగారు. మందుల షాపు దగ్గర అడిగారు. ఎవరూ చూడలేదన్నారు. మెట్రో స్టేషను దగ్గరికి పరుగెత్తారు. మెట్ల కింద, గోడవార, దుప్పటి పరిచి ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. పక్కన ముసలావిడ అతని అరికాళ్లు రుద్దుతోంది. ఆయన ఊపిరికి పిల్లికూతలు వస్తున్నాయి.

ఉషశ్రీ హిందీలో అడిగింది. ముసలావిడ హిందీలోనే చెప్పింది — గది కోసం తిరిగామనీ, ఎవరూ ఇవ్వలేదనీ, ఈయన నిలబడలేకపోతున్నాడనీ. చెప్పి, మొగుడి వైపు వంగి, "జరంత ఓపిక పట్టు, గీ పిల్ల ఏమన్న సాయం జేస్తదేమో," అంది.

ఉషశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో, మీరు తెలుగువాళ్లా!"

ఆదిలాబాదు అవతలి ఊరు వాళ్లది. ఆమె పేరు ధనమ్మ, ఆయన అంకయ్య. ఇక్కడి ఆస్పత్రిలో చూపిద్దామని ఎవరో రమ్మంటే వచ్చారు. రమ్మన్న మనిషి ఫోను ఎత్తడం లేదు.

హేమసుందర్ ఆ ముసలాయన్ని భుజాన ఎత్తుకుని రిక్షా ఎక్కించాడు. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఊపిరితిత్తుల్లో నీరు పట్టిందన్నారు. ఇంకొక్క పూట ఆ చలిలో ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

గెస్ట్‌హౌస్ రిజిస్టరులో పడ్డ మొదటి పేర్లు అవే. ధనమ్మ. అంకయ్య.

నాలుగు రోజులకి అంకయ్య ఆస్పత్రి నుంచి వచ్చి మొదటి అంతస్తు గదిలో పడుకున్నాడు. ఆ సాయంత్రం ధనమ్మ కిందికొచ్చి, వంటింట్లో ఉషశ్రీ పక్కన కూర్చుని చాయ్ తాగుతోంది. ముఖంలో నాలుగు రోజుల తర్వాత నెత్తురు కనబడుతోంది.

హేమసుందర్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ నాలుగు రోజులూ అతనికి నిద్ర లేదు.

"పెద్దమ్మా," అన్నాడు. "మీకొక మాట చెప్పాలి. ఆ రాత్రి మీరు గేటు తట్టినప్పుడు నేను లోపలే ఉన్నాను. మీ మాటలన్నీ విన్నాను. భయపడి తియ్యలేదు. నన్ను క్షమించాలి మీరు."

ధనమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఏ రాత్రి బిడ్డా?"

"మీరు మెట్రో దగ్గర కనబడ్డారే... దాని ముందు రాత్రి."

"ముందురాత్రి మేము రైల్లనే ఉంటిమి గద!" అంది ధనమ్మ. "మంచుకు బండి ఏడ్నో ఆగిపాయె. తెల్లారి ఏడింటికి ఢిల్లీల దిగినం. గాడికెళ్లి మెట్రోల ఈడికొస్తిమి. మీ గల్లీ మొకం నేను సూసిందే ఉషమ్మ తోలుకొచ్చినంక."

కుక్కర్ విజిల్ వేస్తే ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"ఎవలొచ్చిన్రు బిడ్డా రాత్రి?" అంది ధనమ్మ.

ఉషశ్రీ నవ్వబోయింది. నవ్వు రాలేదు. భర్త వైపు చూసింది. అతను తలుపు పట్టుకుని గేటు వైపు చూస్తున్నాడు.

ఆ రోజు మళ్లీ మంచు దిగింది. ధనమ్మ పైకి వెళ్లి పడుకుంది. దీపాలార్పుతూ ఉషశ్రీ, "పైకి రండి, తలుపులన్నీ వేసేశాను," అంది.

హేమసుందర్ కదల్లేదు.

"ఉషా... ఉంది అనడానికి హిందీలో ఏమంటారు?"

"హై అంటారు."

"లోపలికి రండి అనడానికి?"

"ఆయియే... ఎందుకండీ?"

ఆమె గట్టిగా అతని చెయ్యి పట్టుకుంది. "వద్దండీ. ఎవరూ అనలేదంది ఆంటీ. ఉందంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు..."

"అడిగి అడిగి మూడేళ్లయింది," అన్నాడతను మెల్లగా. "ఆవిడ నన్ను అడిగింది కాబట్టే మనం బయల్దేరాం. లేకపోతే అంకయ్యగారు ఆ మెట్రో మెట్ల కిందే పోయేవారు. నేను చేసే పనే ఇది ఉషా. ఆరు గదులున్నాయి. లేవని ఎలా అననూ? ఏమీ అనకుండా ఎలా ఊరుకోనూ?"

అతని మాట ఇంకా పూర్తికాలేదు.

టక్... టక్... టక్...

ఉషశ్రీ చేతి పట్టు బిగిసింది.

"భయ్యా... కమ్రా హై?"

హేమసుందర్ ఆమె చెయ్యి విడిపించుకున్నాడు. ముందుగది దాటాడు. గేటు గొళ్లెం మంచుగడ్డలా తగిలింది. రెండు చేతులతో పట్టి లాగాడు. రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

ఎదురుగా ఎవరూ లేరు. మంచు... అంతే.

"హై, దీదీ," అన్నాడు. మళ్లీ అన్నాడు. "హై. ఆయియే."

ఒక్క క్షణం ఏమీ లేదు.

తర్వాత — అతని ఎడమచేతి పక్కనుంచి అడుగుల చప్పుడు. రెండు జతల కాళ్లు. ఒక జత మామూలుగా నడుస్తోంది. రెండోది ఈడ్చుకుంటూ, ఆగుతూ, మళ్లీ ఈడ్చుకుంటూ... అతన్ని దాటి, గుమ్మంలో కొయ్యబారి నిలబడ్డ ఉషశ్రీని దాటి, మేడమెట్ల పక్కనున్న ఖాళీ గది దాకా వెళ్లాయి.

ఆ గది తలుపు నెమ్మదిగా మూసుకుంది.

లోపలి నుంచి గడియ పడింది.