ఉప్పెక్కిన బావి

పొద్దున్నే గొట్టం పట్టుకుని తన నర్సరీలో మొక్కలకు నీళ్లు పెడుతున్న పెద్దాయనకు నిమ్మ అంట్ల వరుస దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆకుల అంచులన్నీ సెగ తగిలినట్టు మాడి ఉన్నాయి. వారం క్రితం నాలుగు మొక్కలే అలా ఉంటే పట్టించుకోలేదు. ఇవాళ వరుస మొత్తం అదే వాలకం.

"అమ్మాయ్! ఎరువు నువ్వేనా వేసింది? చెయ్యి మరీ ధారాళమైనట్టుంది!" అని ఇంట్లోకి కేకేశాడు.

కోడలు సగం అల్లిన జడతోనే బయటికొచ్చింది. ఆమెది నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. ఆకులవైపు చూసి, గొట్టం కింద దోసిలి పట్టి, ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఎరువు కాదు మావయ్యా. బావిలోకి ఉప్పొచ్చేసింది."

"సముద్రం ఎక్కడో రెండు మైళ్ల అవతలుంది. నడిచొచ్చిందా?" అని ఆయన నవ్వబోయాడు.

"కిందనుంచే వచ్చింది. మనం మంచినీళ్లు తోడేస్తున్నకొద్దీ ఆ చోటులోకి ఉప్పునీళ్లు జరుగుతాయి. ట్యాంకర్ల కోసం రోజంతా మోటారు వేస్తున్నాం కదా."

ఆ బావి ఆయన పడుచు వయసులో స్వయంగా గడ్డపార పట్టి తవ్వుకున్నది. ఎండాకాలం వీధి వీధంతా ఆ నీళ్లే తాగేది. రెండేళ్ల క్రితం ట్యాంకర్లవాళ్లు వచ్చి నీళ్లు అమ్మమని అడిగితే, ఊరే నీటికి లోటేముందని సరేనన్నాడు. ఇప్పుడు ఆయన నవ్వు కోపంగా మారింది.

"ల్యాబులో కూర్చునేదానివి, ముందే చెప్పొద్దూ? కొంప మునిగాక చెప్తావా?"

"చెప్పాను." అంది కోడలు. "మూడుసార్లు కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. నెలనెలా ఉప్పు ఎంత పెరుగుతోందో అంకెలు వేసి చూపించాను. మొదటిది మడిచి జేబులో పెట్టుకున్నారు, చొక్కాతోపాటు ఉతుకులో పోయింది. రెండోదాని వెనక ఎవరిదో ఫోన్ నంబరు రాసుకున్నారు. మూడోది గులాబీ అంటుకి చుట్టి కొన్నవాళ్ల చేతిలో పెట్టారు. నేను పక్కనే ఉన్నాను మావయ్యా."

పెద్దాయనకు ఆ గులాబీ అంటు గుర్తుంది. కాగితం మందంగా ఉంది, వేరు దగ్గర మట్టి రాలదనుకున్నాడు. అంతే.

గబగబా వెళ్లి మోటారు ఆపేశాడు. తన మోటారు ఆగాక గానీ గోడల అవతల నడుస్తున్న మిగతావాళ్ల మోటార్లు వినిపించలేదు.

"ఈ నీళ్లు మళ్లీ ఎప్పటికి తియ్యనవుతాయి?"

"మీ మనవరాలు ముసలిదయ్యేసరికేమో. అదీ ఈ చుట్టుపక్కల అందరూ ఇవాళే తోడటం తగ్గిస్తే."

"అయితే పద, చెబుదాం."

ఆమె ఆఫీసుకు సెలవు పెట్టింది. పక్కింటి ఐసు ఫ్యాక్టరీ యజమాని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. "మీ బావి పాడైతే మేం పని మానుకోవాలా?" అన్నాడు. ఎదురింటివాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి, ఆలోచిద్దామన్నారు. వీళ్లు గేటు దాటకముందే అక్కడ మోటారు మొదలైంది. ఆ తర్వాతి ఇంట్లో మనుషులుండీ తలుపు తియ్యలేదు.

మిట్టమధ్యాహ్నానికి పెద్దాయన ఒక ప్రహరీ గోడకు చేరగిలబడిపోయాడు.

"ఇంటికి పోదాం పదమ్మా. వీళ్లు వినరు."

"వినరు," అంది కోడలు. "మూడో కాగితం రాసేటప్పుడు మీరూ వినరని తెలుసు. అయినా రాశాను."

ఆయన తల వంచుకున్నాడు. "మొదటిదే చదివుంటే?" అని అడిగాడు.

అయినా లాభం ఉండేది కాదని చెప్పి ఊరడించవచ్చు. ఆమెకు ఆయనతో అబద్ధమాడటం చేతకాలేదు.

"అప్పుడైతే సరిపోయేది మావయ్యా."

పెద్దాయన నడివీధిలో పసివాడిలా ఏడ్చాడు. ఆమె కూడా ఏడుస్తూనే ఆయన చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, తర్వాతి ఇంటి గేటు తనే తట్టాడు. లోపల మోటారు హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. మళ్లీ తట్టాడు.