మలుపులో రెమ్మ

మూడో మలుపు దగ్గర బాటచర్మం ఇంకా బిగుసుకునే ఉంది. బాటకాపరి పాంగి సునంద మోకాళ్ల మీద కూర్చుని, చేతితొడుగు వేడిని దాని అంచుకు తాకించింది. రాత్రంతా ముడుచుకున్న శిలీంధ్రపు నేత మెల్లగా సడలి, మంచుతడిని పీల్చుకుని, సైకిలు చక్రాలకు తగిన మెత్తదనానికి వచ్చింది. పైన నడిచేవారి బాట అప్పటికే మేలుకొంది.

మలుపుకు అడ్డంగా ఒక పచ్చి రెమ్మ ఉంది. దానంతటది పడినది కాదు, ఎవరో పెట్టినది. మొదలు కొండవైపు, ఆకులు లోయవైపు. కదలకుండా పైన ఒక రాయి.

"అడ్డు. తొలగించండి" అంది చెవిలోని వాలుసాక్షి, కొండబాటలను కనిపెట్టుకుని ఉండే యంత్రం.

"ఏమిటది, సునందగారూ? మీవాళ్ల పూజా?" లోయ కేంద్రం నుంచి, ఆమె కళ్లజోడు గుండా చూస్తున్న ఇంజనీరు నీరజ్ అడిగాడు. అతని గొంతులో ఎగతాళి లేదు. మర్యాద ఉంది. ఆ మర్యాదే ఆమెకు గుచ్చుకుంది.

దాని అర్థం ఆమెకు తెలుసు. ఆ కొండమీద పుట్టిన వారందరికీ తెలుసు.

"ఏమో సార్. గాలికి పడినట్టుంది."

రాయిని పక్కకు దొర్లించి, రెమ్మను లోయలోకి విసిరేసింది.

ఎండ ముదరకముందే, సైకిలు మీద దిగుతూ పర్వీన్ అనే యాత్రికురాలు అదే మలుపులో పడిపోయింది. చక్రం కింద బాట అంచు కుంగింది. అడుగున ముళ్లపంది తవ్విన బొరియ బయటపడింది. సునంద పరుగున వచ్చి, ఆమె మణికట్టుకు వెదురుబద్దలు కట్టింది.

"నెమ్మదిగానే వచ్చానండీ, ఒట్టు. ఈ మలుపంటే నాకు భయం. ప్రతి ఏడూ బ్రేకు నొక్కుతూనే దిగుతాను."

ఎవరి తప్పు ఎంతో, ఆ తప్పుపాళ్లు వాలుసాక్షి తేల్చింది. నేల తడి సరిగానే ఉంది. బరువు పరిమితిలోనే ఉంది. అడ్డులు లేవు. బొరియ దాని లెక్కలోనే లేదు. ఇక మిగిలింది వేగం. "తప్పుపాలు మొత్తం సైకిలు నడిపినవారిదే. కొండహక్కు రద్దు. కాపరి ధ్రువీకరించాలి."

"రద్దంటే?" అని అడిగింది పర్వీన్.

"ఇక ఏ కొండబాటా మీకు తెరుచుకోదు." ఆ మాట చెబుతూ సునంద తల ఎత్తలేకపోయింది.

పర్వీన్ ఏడవలేదు. "ల్యాబులో ఏడాదంతా గాజునాళికలు చూస్తాను. ఈ కొండ కోసమే ఎదురుచూస్తాను" అని, కట్టు కట్టిన చేతికేసి చూసుకుంది.

కేక విని, పసుపు చేలోంచి సునంద మేనత్త గౌరి ఎక్కి వచ్చింది. గోతిని చూసింది. తర్వాత బాటకు అటూ ఇటూ వెతికింది.

"రెమ్మేటైందే?"

"గాలికి…"

"రాయెట్టాను గదే. గాలి రాయెత్తుతాదేటి?"

సునంద చెవులు వేడెక్కాయి. "కింద గొయ్యుందని నీకెలా తెలిసిందత్తా?"

"నాకేటి తెలుసు? అడుగేస్తే డొల్లగా ఇనిపించింది. ఉండొచ్చు, నేకపోవచ్చు. ఉందని సెప్పడానికేటే రెమ్మ? సూసి ఎల్లమనడానికి."

పొద్దున ఆ ఒక్క అడుగు వేసి చూడడానికి ఎంతసేపు పట్టేది? మూఢురాలు అనిపించుకోకూడదని, పరీక్షించకుండానే పారేసింది. ఆ పని ఏ పూజకన్నా మూఢంగా తోచింది ఆమెకు.

"ధ్రువీకరించండి, సునందగారూ. మీ ధ్రువీకరణ లేకపోతే పై బాటలు తెరిచి ఉండవు" అన్నాడు నీరజ్.

"ఇక్కడ హెచ్చరిక ఉంది సార్. నేను తీసేశాను. తెలిసే తీశాను, మీకు అబద్ధం చెప్పాను. నా తప్పుపాలు రాయండి."

నీరజ్ గొంతు తగ్గించాడు. "తీయమన్నది వాలుసాక్షి. మీరు ఆజ్ఞ పాటించారు, అంతే."

"అయితే దాని పాలూ రాయండి."

"దానికి పాలు ఉండదండీ. పంచేదే అది కదా!"

"అయితే ధ్రువీకరించను."

సునంద లేచి, గట్టున ఉన్న చెట్టు నుంచి ఒక పచ్చి రెమ్మ విరిచింది. కుంగిన అంచుకు ఇవతల, మొదలు కొండవైపు వచ్చేలా పెట్టింది.

"అడ్డు. తొలగించండి" అంది వాలుసాక్షి. సునంద చేతులు కట్టుకుంది. "అడ్డు. తొలగించండి." అడ్డు తొలగక, ధ్రువీకరణ అందక, మూడోసారి ఆ గొంతు వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. కాళ్ల కింద బాటచర్మం బిగుసుకోసాగింది. శిఖరం వైపు ఒక్కొక్క బాటా ముడుచుకుంటున్న చప్పుడు, ఎండుటాకులు నలిగినట్టు, వినిపించింది.

"ఏం చేశారక్కడ? కొండంతా మూసుకుపోతోంది!" అన్నాడు నీరజ్.

పర్వీన్ వైపు తిరిగి సునంద ఏదో అనబోయింది. కట్టు కట్టిన ఆ చేతిని చూసి తల దించుకుంది.

"సిగ్గు తరవాత పడొచ్చునే, తొందరేటి?" అంది గౌరి, రాయి అందిస్తూ. "ముందు దీన్ని ఎట్టు. ఈసారి గాలొస్తే కదలకుండా."