ఒంటి చెప్పుకి మూడు మార్కులు

"మీ కార్టూన్ ఎపిసోడ్‌లో వాన పడింది చూశారా? లెక్కపెట్టాను. మొత్తం ఆరు చుక్కలు. అవే మళ్ళీ మళ్ళీ పడ్డాయి," అన్నాడతను.

"మీ సినిమాల్లో అలా కాదు కదండీ. ఒక్కో చుక్కకీ ఒక జీవిత చరిత్ర ఉంటుంది. అది నేల మీద పడేలోపు పిల్లలు నిద్రపోతారు," అంది ఆమె.

పరిచయమై పది నిమిషాలు కూడా కాలేదు. ఇద్దరూ యానిమేషన్ పోటీకి న్యాయనిర్ణేతలు. అతను సినిమాలకు బొమ్మలు గీస్తాడు. నక్క తోక ఒక్కసారి ఊగడానికి మూడు వారాలు తీసుకుని దాన్ని తపస్సు అంటాడు. ఆమె టీవీ కార్టూన్ షోలకు మాటలు రాస్తుంది. వారానికి ఐదు ఎపిసోడ్లు రాసి దాన్ని ఉద్యోగం అంటుంది.

పోటీ నడిపేది రిటైరైన ఎడిటర్ ఒకాయన. ఆమెకు సొంత బాబాయి.

"చుట్టరికం మీద వచ్చారన్నమాట," అన్నాడతను.

"మీరు ప్రతిభ మీద వచ్చారా? చూస్తే తెలియలేదు, ఏమనుకోకండి."

బాబాయి పెట్టిన నిబంధన ఒకటుంది. ఎవరికి వారు పదికి మార్కులు వేసి, కాగితం మడిచి ఆయన చేతికివ్వాలి. తేడా నాలుగో అంతకన్నా ఎక్కువో వస్తే, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ చిత్రం మళ్ళీ చూసి ఒక మాట మీదికి రావాలి. ప్రొజెక్టర్ గదిలో విరగని కుర్చీలు రెండే.

మొదటి మూడు రోజులూ తేడా నిజంగానే వచ్చింది. తర్వాత కూడా వస్తూనే ఉంది, మరీ క్రమశిక్షణగా. చివరికి ఒప్పుకునే మార్కు మాత్రం న్యాయంగానే ఉండేది.

"రైలు వెళ్ళిపోయింది కదా. ఖాళీ ప్లాట్‌ఫాంని ఇంకా ఎందుకండీ చూపిస్తారు? కరెంటు దండగ," అందామె ఒకసారి.

"వెళ్ళేవాళ్ళని అందరూ చూస్తారు. ఆ తర్వాత ఆ చోటుని ఎవరూ చూడరు. అందుకు."

ఆమె ఆ ఖాళీ ప్లాట్‌ఫాంని ఇంకోసారి వేయమంది. అది ఆమెకు అలవాటు లేని పని.

మరోసారి అతను, "మీ షోలో రోజూ అదే కుందేలు, అదే దెబ్బలాట. విసుగు రాదా?" అన్నాడు.

"సాయంత్రం ఆరింటికి వస్తానని చెప్పి, రోజూ ఆరింటికి రావడం తేలికనుకుంటున్నారా? మనుషులకే చేతకాదు. పాపం, ఆ కుందేలు వస్తుంది."

ఆ సాయంత్రం ఆరింటికి అతను టీవీ పెట్టాడు.

పదకొండో రోజు ఆఖరిది. మర్నాటి ఉదయం రైల్లో ఆమె వేరే ఊరికి వెళ్తోంది. అక్కడ డబ్బింగ్ స్టూడియోలో కొత్త ఉద్యోగం. ఆ మాట విన్నప్పుడు అతను, "గొడుగు తీసుకెళ్ళండి, అక్కడ వానలట," అన్నాడు. విడిపోయేవాళ్ళు ఎప్పుడూ ఇంతే. అసలు మాట లోపల పెట్టుకుని గొడుగు గురించి మాట్లాడతారు.

మిగిలింది ఒకే చిత్రం. ఆరు నిమిషాలు, పెన్సిల్ బొమ్మలు, మాటల్లేవు. జతలో ఒక చెప్పు బస్సులో ఉండిపోతుంది. రెండోది దాన్ని వెతుక్కుంటూ ఊరంతా కుంటుకుంటూ తిరుగుతుంది.

దీపాలు వెలిగేసరికి ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. "దుమ్ము," అంది. అతను ముక్కు చీదుకుని, "ఏసీ," అన్నాడు.

ఇద్దరూ చాలాసేపు ఆలోచించి మార్కులు వేశారు. బాబాయి కాగితాలు విప్పాడు.

"మూడు. ఇదీ మూడే. అబ్బ, ఇన్నాళ్ళకి మీ ఇద్దరికీ కుదిరింది! చెప్పు పోటీలోంచి అవుట్. మళ్ళీ చూడక్కర్లేదు. ఇళ్ళకెళ్ళండి."

"మూడా?" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"రాతి గుండె అండీ మీది! అంత మంచి చిత్రానికి మూడు వేస్తారా?" అందామె.

"మరి మీరెంత వేశారు?"

"మీరు తొమ్మిది వేస్తారు కదా అని వేశాను."

"నేనూ మీరు వేస్తారనే వేశాను. మీరు ఏడ్చారు కదా!"

"మీరు ముక్కు చీదారు కదా!"

బాబాయి కళ్ళజోడు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అంటే, పక్క కుర్చీలో ఆరు నిమిషాలు కూర్చోవడం కోసం ఒకళ్ళ ఏడాది కష్టాన్ని చెత్తబుట్టలో పడేద్దామనుకున్నారు. సిగ్గుందా? నిజం మార్కులు రాయండి."

ఇద్దరూ తలలు దించుకుని రాశారు. తొమ్మిది. తొమ్మిది.

"ఇప్పుడూ తేడా లేదు. నిబంధన ప్రకారం మళ్ళీ చూడక్కర్లేదు." ఆయన గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "నేను టీకి పోతున్నా. అమ్మాయ్, మీ నాన్నకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఏమని బాబాయ్?"

"మార్కులు కలిశాయని." తలుపు మూసుకుంది.

బయట వాన మొదలైంది. ఆరు చుక్కలు కాదు, బోలెడు.

"నిబంధన లేకుండా కూర్చుంటారా?" అన్నాడతను.

ఆమె కూర్చుంది. చెప్పు మళ్ళీ ఊరంతా కుంటింది. ఈసారి ఎవరూ కన్నీళ్ళని దుమ్ము మీదికీ, ఏసీ మీదికీ నెట్టలేదు.

"రేపట్నుంచి..." అని అతను ఆగాడు. నక్క తోకకే మూడు వారాలు పట్టే మనిషికి ఇలాంటి వాక్యానికి ఎంత పడుతుందోనని ఆమె భయపడింది. "రేపట్నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను."

"రోజూనా? విసుగు రాదూ?"

"కుందేలికి రాలేదు కదా."

ఆమె నవ్వు ఆపుకుంది. "ఎన్ని ఎపిసోడ్లు?"

"ఆపమని మీరు చెప్పేదాకా."

"ఆ మాట నేను రాయను," అంది ఆమె.