గాలి కొట్టిన జలుబు

"హాచ్!"

తుమ్ము గోధుమ ప్రసాదం గిన్నెలో పడకుండా టియానా మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. వంటింటి నిండా చేపల వేపుడు వాసన. ఆ రోజు వాళ్ల ఇలవేల్పు నికోలా పునీతుడి పండుగ.

నాయనమ్మ పరుగున వచ్చి కిటికీ మూసింది. "తడి జుట్టుతో కిటికీకీ తలుపుకీ మధ్య నిలబడితే గాలి కొట్టక ఏమవుతుందే?"

"జలుబా నాయనమ్మా?"

"జలుబూ లేదు, గిలుబూ లేదు. ఉత్త గాలి! వేడి టీ తాగు, పోతుంది."

ఆ ఊళ్లో మెడ పట్టినా గాలే, పన్ను నొప్పి పుట్టినా గాలే. జూలై ఎండలో కూడా బస్సులో రెండు కిటికీలు తెరవనివ్వరు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట, టియానా మాత్రం ఎందుకు అనుమానిస్తుంది?

మధ్యాహ్నం బాబాయి కొడుకు రేల్యా వచ్చాడు. ఎనిమిదేళ్లవాడు. రక్త క్యాన్సర్‌తో వేసవి నుంచీ బెల్‌గ్రేడ్ ఆసుపత్రిలోనే ఉంటున్నాడు. పండుగకని ఒక్క రోజు పంపారు.

వాడి వాళ్లమ్మ స్మిల్య పిన్ని గుమ్మంలోనే ఆగింది. "ఎవరికైనా జలుబు, దగ్గు ఉన్నాయా? ఉంటే చెప్పండి, ఏమీ అనుకోను. ఇటు నుంచి ఇటే వెళ్లిపోతాం."

టియానా ముక్కు ఎగబీల్చింది. ఇది జలుబు కాదుగా, గాలేగా! పైగా చెబితే తమ్ముడు వెళ్లిపోతాడు. వాణ్ణి చూసి ఆరు నెలలైంది.

"ఎవరికీ లేదు పిన్నీ."

ఆచారం ప్రకారం రేల్యాకి మూడు ముద్దులు పెట్టింది. ఈ చెంప, ఆ చెంప, మళ్లీ ఈ చెంప.

"నీ గుండు పుచ్చకాయలా ఉందిరా!"

"నీ ముక్కు టమాటాలా ఉందక్కా!" రేల్యా పడీ పడీ నవ్వాడు.

మూడో రోజు వాడికి జ్వరం వచ్చింది. ఐదో రోజు ఊపిరి అందక గొట్టం పెట్టారు.

ఆ కబురు వినగానే టియానాకి తన తుమ్ము గుర్తొచ్చింది. వాళ్లమ్మ ఊరి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. పండుగ రోజు డ్యూటీలో ఉండిపోయింది. ఆమె దగ్గరికి వెళ్లి తలొంచుకుంది.

"అమ్మా, ఆ రోజు నేను తుమ్మాను. గాలి అనుకున్నా."

అమ్మ టియానాని పక్కన కూర్చోబెట్టుకుంది.

"గాలి జలుబు తేదు టియానా. క్రిములు తెస్తాయి. అవి మనిషి నుంచి మనిషికి వస్తాయి. నీ రక్తంలో తెల్లకణాలు కాపలా ఉన్నాయి. క్రిమి రాగానే చుట్టుముట్టి చంపుతాయి. మళ్లీ వస్తే గుర్తుపడతాయి కూడా. నీ ముక్కు కారింది ఆ పోరాటం వల్లే. అందుకే నీకు నాలుగు రోజుల్లో తగ్గింది."

"మరి రేల్యాకి?"

"క్యాన్సర్‌ని చంపే మందు వాడి కాపలావాళ్లనీ చంపేసింది. వాడి తరఫున కొట్లాడటానికి లోపల ఎవరూ లేరు."

"నేను సారీ చెబితే..."

"చెప్పు. కానీ సారీ తెల్లకణం కాదే తల్లీ."

తాళం వేసి గొళ్లెం మరిచినట్టు, గాలి రాకుండా కిటికీ మూసిన ఇంట్లో తనే జబ్బుని గుమ్మంలో వాడికి అంటించింది. ఆ సంగతి తలుచుకుంటే టియానాకి బతకాలనే అనిపించలేదు.

మూడు వారాల తర్వాత పిన్ని ఫోన్ చేసింది. "వాడు అక్కని చూడాలంటున్నాడు. ఐదు నిమిషాలు రానిస్తారట. త్వరగా రండి." అమ్మ మరునాటికే బస్సు టికెట్లు తీసింది.

బస్సులో నాలుగు గంటల ప్రయాణం. వార్డు తలుపు దగ్గర నర్సు, వచ్చినవాళ్లకి తొడగడానికి గౌను పట్టుకుని నిలబడింది. అద్దంలోంచి చివరి మంచం కనబడుతోంది. దుప్పటి మీద చిన్న చెయ్యి.

"జలుబు, దగ్గు, గొంతు నొప్పి ఏమైనా ఉన్నాయామ్మా?"

పొద్దున్న లేచినప్పుడు గొంతు కాస్త గరగరలాడింది. ఆ సంగతి అమ్మకి కూడా తెలియదు. 'లేదు' అంటే చాలు, తమ్ముణ్ణి చూడొచ్చు. ఇంకో రోజు ఉంటుందో లేదో!

"గొంతు గరగరలాడుతోంది," అంది టియానా. "పొద్దుటి నుంచీ."

నర్సు గౌను మడిచేసింది. "అయితే రాకూడదమ్మా."

అమ్మ లోపలికి అడుగు వేయబోయింది. టియానా ఆమె కోటు పట్టుకుని ఆపింది. "నువ్వూ వద్దమ్మా. బస్సులో నా పక్కనే కూర్చున్నావు."

అమ్మ ముఖం తిప్పుకుంది.

"మళ్లీ ఎప్పుడు రావచ్చు?" టియానా అడిగింది. నర్సు అద్దంలోంచి చివరి మంచం వైపు చూసింది.

"నేనొచ్చానని వాడికి చెప్పండి. లోపలికి ఎందుకు రాలేదో కూడా చెప్పండి."

టియానా స్కార్ఫ్‌ని ముక్కు మీదికి లాక్కుంది. ఏడుస్తూనే, ఎదురొచ్చేవాళ్లెవరికీ తగలకుండా గోడ పక్కగా మెట్లు దిగింది.