ఓకే నొక్కండి జీవన్‌గారూ

"నాలుగు వందల ఇరవై దేనికండీ?"

ఫోన్లో ఆ ప్రశ్న వినగానే సిల్వియాకి ఒళ్లు మండింది. ఏలూరు పవర్‌పేటలో మందుల షాపు ముందు, రెండేళ్ల మిన్నుని చంకనేసుకుని నిలబడి ఉంది.

"డైపర్లండీ. మీ మేనకోడలికే, నాకు కాదు. ఓకే నొక్కండి జీవన్‌గారూ, వెనక జనం ఆగారు."

మిన్ను తల్లి సుగుణ ఆపరేషన్ థియేటర్లో నర్సు. భర్తది వైజాగ్‌లో ఉద్యోగం. పాపను చూసుకోవడానికి గుండుగొలను నుంచి సిల్వియాని పెట్టుకుంది. థియేటర్లోకి ఫోన్ తీసుకెళ్లకూడదు కాబట్టి, ఇంటి ఖర్చులకు తన తమ్ముడు జీవన్ ఖాతాలోంచి సిల్వియా చెల్లించేలా ఏర్పాటు చేసింది. ప్రతిసారీ అతను తన ఫోన్లో ఓకే నొక్కితేనే డబ్బు వెళ్తుంది. నొక్కేముందు ఫోన్ చేసి ఆరా తీయమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మళ్లీ చేశాడు.

"అరటిపళ్లు డజనా? ఇంత పిల్ల డజను తింటుందాండీ?"

"ఆదివారం మీరొచ్చి ఎనిమిది తిన్నారు కదండీ."

జీవన్ వెంటనే ఓకే నొక్కాడు. కొల్లేరు చేపల చెరువులకు మేత సప్లై చేసే అతను, ఆ రోజంతా గట్ల మీద తనలో తనే నవ్వుకుంటూ తిరిగాడు.

నెల తిరిగేసరికి ఫోన్ మోగితే చాలు, అతని గుండె ముందు మోగేది. ఒకసారి రెండు రోజులు కబురే లేకపోతే తనే చేశాడు.

"ఏమీ కొనడం లేదేంటండీ?"

"అన్నీ ఉన్నాయండీ."

"పాలు కూడానా?"

అవతల నవ్వు వినిపించింది. ఆ నవ్వుకి అతనికి రాత్రి నిద్ర పట్టలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం, జోరువానలో, మిన్నుకి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. సిల్వియా పాపని గుండెకి హత్తుకుని ఆటోలో పిల్లల ఆసుపత్రికి పరుగెత్తింది. చేర్చుకోవాలంటే ఆరు వేలు అడ్వాన్స్ కట్టమన్నారు. జీవన్‌కి రెండుసార్లు రిక్వెస్ట్ పంపింది, ఐదుసార్లు ఫోన్ చేసింది. అతను కొల్లేరు నడుమ పడవలో ఉన్నాడు, సిగ్నల్ లేదు. సుగుణ థియేటర్లో ఉంది.

సిల్వియా ఇక ఆగలేదు. తన ఖాతాలో ఉన్న డబ్బు కట్టేసింది.

ఒడ్డుకొచ్చాక జీవన్ ఫోన్ చూసుకున్నాడు. వానలోనే బైక్ మీద ఏలూరు చేరేసరికి మిన్ను నిద్రపోతోంది, జ్వరం తగ్గింది. పక్కన సుగుణ కూర్చుని ఉంది.

"డబ్బెక్కడిదండీ?" అనడిగాడు.

సిల్వియా పాప దుప్పటి సర్దింది. సుగుణే చెప్పింది. "బీఈడీ ఫీజుకి దాచుకున్నదిరా. కట్టడానికి రేపే ఆఖరు."

జీవన్ తల దించుకున్నాడు. "డైపర్లకి కూడా లెక్కలడిగాను. నన్ను తిట్టండి."

"తిట్టనండీ. ఆ రూలు తీసేయండి. ఇంకోసారి ఇలా అయితే మీ ఓకే కోసం కూర్చోలేను."

అక్కడికక్కడే తీసేశాడు. తనని అడక్కుండానే ఆమె చెల్లించుకునేలా మార్చి, ఆమె ఆరు వేలూ వెనక్కి వేశాడు. సుగుణ డాక్టరుతో మాట్లాడతానని లేచింది.

"ఇక మీకు ఫోన్ చేయడానికి నాకు కారణం లేదండీ," అన్నాడు మెల్లగా.

సిల్వియా కిటికీ బయట వానని చూస్తూ అంది. "ఒకేసారి తెచ్చుకోగలిగిన సరుకులు, రోజుకొకటి ఎందుకు కొన్నాననుకున్నారు?"

అతనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తడిసిన చొక్కాతోనే ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఆదివారం గుండుగొలను రానాండీ? మీ నాన్నగారితో మాట్లాడతాను."

"చర్చి అయ్యాక రండి. అక్కనీ తీసుకురండి."

ఆదివారం అక్కాతమ్ముళ్లిద్దరూ వెళ్లారు. సిల్వియా తండ్రి పేరు విశ్వాసం. అంతా విని, గడ్డం నిమురుకున్నాడు.

"మా అమ్మాయి టీచరవ్వాలండీ. పెళ్లయ్యాక చదువు మాన్పించరు కదా?"

"మాన్పించనండీ. రోజూ కాలేజీ దగ్గర నేనే దింపుతాను."

విశ్వాసం సుగుణ వంక చూశాడు. ఆమె నవ్వుతూ తలూపింది.

"అయితే కాళ్లు కడుక్కోండి బాబూ," అన్నాడు లేస్తూ. "భోజనం చేస్తూ పెళ్లి తేదీ మాట్లాడుకుందాం."

లోపల సిల్వియా అప్పటికే అతనికి విస్తరి వేసేసింది.